బుజ్జికి కథలు చదివిన సాయంత్రాలు

మా పాల బాబాయి పోయారు.

మొన్న శుక్రవారం పొద్దున కర్మన్‌ఘాట్‌లో ఆయన పాలు పిండే తబేలా యజమానురాలు ఫోన్ చేసి, "సార్, మీ బాబాయి పోయిండు" అని చెప్పింది. పొద్దుటి పాలు పిండి, బకెట్ మీద మూత పెట్టి, చాయ్ తెమ్మని మంచం మీద కూర్చున్నారట. చాయ్ వచ్చేసరికి ఆయన లేరు. అది విని నేను మొట్టమొదట అడిగిన మాట చెప్పాలంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది. "మరి బుజ్జి సంగతేంటండీ?" అన్నాను.

బుజ్జి అంటే చిన్నపిల్ల అనుకునేరు. అదొక బర్రె. ఒక కొమ్ము వంకర. షేర్ ఆటోకి అడ్డం నిలబడితే ఆటోనే వెనక్కి పోవాలి, అంత ఉంటుంది. దానికి ఆ పేరు పెట్టింది బాబాయే.

బాబాయి అంటున్నానే గానీ ఆయన నాకు చుట్టం కారు. నాది భీమవరం దగ్గర ఊరు. చైతన్యపురిలో ఒంటిగది తీసుకుని, లెక్చరర్ ఉద్యోగాల పరీక్షకు కోచింగ్ సెంటర్‌లో ఇంగ్లిషు సాహిత్యం చెప్పేవాణ్ణి. ఆయన దేవరకొండ వైపు నుంచి ఎప్పుడో ఒక స్నేహితుడితో కలిసి వచ్చి ఈ తబేలాలో చేరారు. స్నేహితుడు పోయాక ఒక్కరే మిగిలారు. ఆ వయసువాళ్ళని మా వైపు బాబాయ్ అంటాం కాబట్టి అలాగే అన్నాను. ఆయన మాత్రం నన్ను చివరిదాకా సారూ అనే పిలిచారు.

సాయంత్రం నాలుగింటికి పాల కోసం వెళ్ళి, నా వంతు వచ్చేదాకా మర్నాటి పాఠం చూసుకునేవాణ్ణి. అప్పట్లో మా సిలబస్‌లో పాత అమెరికా కథల పుస్తకం ఒకటుండేది. పశువుల దొడ్లలో పని వెతుక్కుంటూ ఊరూరూ తిరిగే కూలీల కథలు. ఒకరోజు బాబాయి బుజ్జి పక్కన గొంతుక్కూర్చుని, "ఏం సదువుతున్నవ్ సారూ? జర గట్టిగ సదువు. బర్రె గూడ ఇంటది" అన్నారు.

గట్టిగా చదివి తెలుగులో చెప్పాను. ఆయన విన్నంత శ్రద్ధగా నా బ్యాచ్‌లో ఒక్కడూ వినలేదు. కాకపోతే ఆయన వేసే ప్రశ్నలు ఏ విమర్శకుడూ వేసి ఉండడు.

"గింతసేపు ముచ్చట పెట్టిన్రు గద, బర్లకు గడ్డెవడేసిండు?"

రాయలేదు బాబాయ్ అన్నాను.

"ఆయితారం సెలవంటున్నవ్. బర్రెకు ఆయితారం ఎర్కనా? గీ రాసినాయన ఎన్నడన్న పాలు పిండిండా?"

ఆయనకు బాగా నచ్చిన కథ ఒకటుంది. పెద్ద దొడ్డి చుట్టూ కంచె బాగుచేసే కూలీలిద్దరు. ఒకడు ఈ చివర, ఒకడు ఆ చివర. రోజంతా మనిషి మొహం కనపడదు. మధ్యాహ్నం ఒక్కసారి నడుమ కలుసుకుని, తిని, మళ్ళీ చెరో దిక్కుకు పోతారు. అది విని ఆయన చేతులాపి, "దినాం కలుస్తరు గద, నసీబున్నోళ్లు" అన్నారు. వెంటనే, "కలిసి ఏం తిన్నరు?" అని అడిగారు.

"అది రాయలేదండి."

"తిన్నది రాయకుంటే అదేం కథ సారూ!"

ఆ మాటకు నాకు రోషమొచ్చింది. జొన్నరొట్టె, టమాట తొక్కు తిన్నారని చెప్పేశాను. ఆయన తృప్తిగా తలూపారు. అప్పట్నించీ నా కూలీలు కథకో రకం తిన్నారు. సర్వపిండి తిన్నారు, అంబలి తాగారు, పండక్కి మటన్ కూడా వండుకున్నారు. చెప్పీ చెప్పీ అది నాకే అలవాటై క్లాసులో కూడా నోరు జారాను. టెస్టులో నలుగురు విద్యార్థులు అమెరికా కూలీలు జొన్నరొట్టె తిన్నారని రాశారు. మా డైరెక్టర్ పిలిచి, అది ఏ పేజీలో ఉందో చూపించమన్నారు.

ఆ తర్వాతి ఏడాది ఆ కథలు సిలబస్‌లోంచి ఎగిరిపోయాయి. నాకు గ్రామర్ క్లాసులిచ్చారు. గ్రామర్ నిద్రలో లేపినా చెబుతాను, ముందు రోజు చదువుకోవాల్సిన పనిలేదు. ఇక పుస్తకం పట్టుకుని తబేలాకి ఎందుకు వెళ్ళాలి? పాలు ప్యాకెట్లో కూడా దొరుకుతాయి. నాలుగు రోజులు వెళ్ళలేదు. ఆ నాలుగు సాయంత్రాలూ మంచం మీద పడుకుని ఫ్యాను చూశాను.

ఐదో రోజు క్లాసు నుంచి వస్తుంటే, మెట్రో స్టేషన్ మెట్ల కింద బాబాయి నిలబడి ఉన్నారు. ఒంటి మీద తబేలా వాసన, చేతిలో నేను అక్కడే వదిలేసిన పాల క్యాను. హాస్టల్ పిల్లలు ఆయన చుట్టూ తిరిగి పోతున్నారు.

"సారూ, నువ్వు రాక నాల్గు దినాలాయె. బుజ్జి చేపుతలేదు. నీ సదువుకు అలవాటు పడ్డది."

బర్రె పొదుగులోకి పాలు దించడాన్ని చేపడం అంటారు. చేపకపోతే ఎంత పిండినా చుక్క రాదు. నా చదువు వల్ల ఒక బర్రె పాలిస్తోందని తెలిసిన క్షణాన నా గర్వం చూడాలి మీరు! క్లాసు పోయిన సంగతి చెప్పలేదు. ఇంకా అవే కథలు చెబుతున్నానన్నాను. నిజం తెలిస్తే ఈయన ఇక పిలవరేమో, నాలుగింటికి వెళ్ళడానికి నాకు మరో చోటు లేదు.

అప్పట్నించీ రోజూ ఒకటే తంతు. నేను పుస్తకం తెరిచి మొదటి వాక్యం చదవగానే ఆయన దుడ్డెను, అంటే బుజ్జి దూడను, తాడు విప్పి వదిలేవారు. అది పరిగెత్తి బుజ్జి పొదుగు అందుకునేది. బుజ్జి చేపేది. "సూసినవా, నీ ఇంగ్లిషు!" అనేవారు. నేను చూసేవాణ్ణి. ఊళ్ళో ఉన్న ఏ సాయంత్రమూ తప్పకుండా మూడేళ్ళు చూశాను.

అందుకే పోయిన శనివారం సాయంత్రం, ఆయన పోయిన మర్నాడు, దుఃఖంలో ఉన్న మనిషికి పాల నష్టం కూడా ఎందుకని పుస్తకం పట్టుకుని వెళ్ళాను. యజమానురాలే పాలు పిండడానికి కూర్చుంటోంది. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను.

"ఏందిది సారూ?" అంది.

నేను చదవకపోతే బుజ్జి చేపదండీ అన్నాను.

"ఎవలు చెప్పిన్రు? మరి దినాం పొద్దుగాల్ల ఎవలు సదువుతున్రు?"

మూడేళ్ళు. ఇంగ్లిషులో ఎమ్మే. పొద్దున కూడా పాలు పిండుతారన్న సంగతి నాకు ఒక్కసారీ తట్టలేదు.

"దుడ్డెను ఇడిస్తె ఏ బర్రెయినా చేపుతది సారూ. నువ్వు లేటయితే మీ బాబాయి దుడ్డెను ఇడవకపోతుండె. పాలకొచ్చినోళ్లు లొల్లి పెడితే, బుజ్జి అలిగిందని చెప్తుండె." ఆమె నవ్వబోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నీ క్లాసు బందయిందని పాలకొచ్చే పోరలు అప్పుడే చెప్పిన్రు ఆయనకు. సారు ఒక్కడే రూంల ఏం చేస్తడని, గా క్యాను పట్టుకొని నడుసుకుంట పోయిండు."

నాకు ఏడుపొచ్చింది. బర్రె ముందు ఏడవడం అదే మొదటిసారి. ఆమె చూడనట్టు లేచి దుడ్డెను విప్పింది.

"వచ్చినవ్ గద, సదువు మరి" అంది.

కంచె కథ తీశాను. బకెట్లో పాలధార చప్పుడు మొదలైంది. కూలీలిద్దరూ మధ్యాహ్నం నడుమ కలుసుకున్న చోటికొచ్చి, అలవాటు కొద్దీ ఆగాను. ఎవరూ అడగలేదు. బుజ్జి నెమరు ఆపి ఒక చెవి ఇటు తిప్పింది.

"జొన్నరొట్టె, టమాట తొక్కు బాబాయ్" అన్నాను.