నాకొచ్చింది పూనకం కాదు

పెదాల చుట్టూ చిమచిమ మొదలైన రోజు నేను ఓర్వకల్లు దగ్గర మా అన్న చేనిగట్టు మీద కూర్చుని ఉన్నాను. మెడలో కంతి కోసం కర్నూలులో థైరాయిడ్ తీసేసి అప్పటికి పదిహేను రోజులు. కోత మానింది కదా అని వాళ్ళు రాసిచ్చిన కాల్షియం మాత్రలు కూడా మానేశాను. ఎవరినీ అడగలేదు. పుండు మానినాక కట్టు విప్పుతాం, మాత్రలెందుకని నా తెలివి.

ఇంతలో కుడి మణికట్టు వంగి, వేళ్ళన్నీ దగ్గరికొచ్చి, బొటనవేలు అరచేతిలోకి పోయింది. విప్పబోతే రాలేదు. అరవై దాటాక అక్షరాలు దిద్దిన చెయ్యి అది. ఇక రాయలేనేమో అనుకున్నాను.

అది చూసి మా వదిన నరసమ్మ చెంపలేసుకుంది. తాగే నీళ్ళ బిందె నా కాళ్ళ మీద కుమ్మరించి మొక్కింది.

"తల్లీ, రెండు బోర్లు ఎండిపాయ. మూడోది యాడ ఎయ్యమంటావు?"

"నీ నెత్తిన ఎయ్యి! నన్ను ఆసుపత్రికి తీస్కపోండి!"

"అంటే నేను నిలబడిన తావులోనేనా తల్లీ?"

అక్కడ గుర్తుకు రాయి పెట్టాకే మా అన్నను కేకేసింది. ఆయనొచ్చి, "పూనకం దిగేదాకా కదపగూడదంటాండాది మీ వదిన" అన్నాడు.

"అది దిగేలోపల నేను పైకి పోతా. బండి తియ్యన్నా!"

ఆసుపత్రిలో డాక్టరు పూనకం సంగతి విని, బీపీ పట్టీ బిగించి కాసేపు అట్లే ఉంచాడు. దారిలో కాస్త సడలిన చెయ్యి మళ్ళీ ముడుచుకుంది. "ఇదిగో అవ్వా, మీ అమ్మవారు" అన్నాడు. రక్తపరీక్షలో కాల్షియం, మెగ్నీషియం రెండూ తక్కువ.

"థైరాయిడ్ పక్కనుండే పారాథైరాయిడ్ గ్రంథులు ఆపరేషన్ తర్వాత కొన్నాళ్ళు సరిగా పనిచెయ్యకపోవచ్చు. అవి కోలుకునేదాకా మాత్రలే దిక్కు. ఎవరు మానమన్నారు?"

"నేనే."

"మీరు డాక్టరా?"

ఈసీజీ తగిలించి, కాల్షియం గ్లూకోనేట్ నిదానంగా ఎక్కించారు. వేళ్ళు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. నర్సును పెన్ను అడిగి నా పేరు రాసుకున్నాను. వంకరగా వచ్చింది. ఎప్పుడూ అంతే వస్తుంది. ధైర్యం కలిగింది. మర్నాడు మళ్ళీ చిమచిమ. మెగ్నీషియం కూడా ఎక్కించాకే నిలకడకు వచ్చాను.

ఇప్పుడు వేళకు మాత్రలు మింగుతున్నాను, చెప్పిన రోజుకు రక్తం చూపించుకుంటున్నాను. ఇది ఆ చేత్తోనే రాస్తున్నాను. థైరాయిడ్ తీయించుకున్నవాళ్ళు పెదాలు, వేళ్ళు చిమచిమమంటే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి పోండి. డాక్టరు చెప్పేదాకా మాత్రలు మానొద్దు.

వదిన రాయి పెట్టిన చోట బోరు వేస్తే నీళ్ళు పడ్డాయి. ఇప్పుడు కింది చేనికి ఇంకోటి కావాలంట. "రెండు దినాలు ఆ మాత్రలు ఆపరాదా తల్లీ?" అని నా చుట్టూ తిరుగుతోంది.

నీళ్ళు పడినా సరే, మానొద్దు.