రాగి గీత మీద వెంట్రుక

ఫోన్లలో వాడే, వంచినా విరగని సర్క్యూట్లు చేసే ఫ్యాక్టరీ అది, రేణిగుంట దగ్గర. చేరిన కొత్తలో అక్కడ నన్నందరూ జడమ్మాయి అనేవారు. పని చాలా సన్నది. పల్చటి ప్లాస్టిక్ ఫిలిం మీద రాగి పొర, దాని మీద ఒక పూత, ఆపైన నమూనా ఉన్న అద్దం పెట్టి వెలుగు వేస్తాం. వెలుగు తగిలినచోట పూత గట్టిపడి రాగిని కాపాడుతుంది. తగలనిచోట రాగి తర్వాత మందులో కరిగిపోతుంది. చివరికి కంటికి ఆనీ ఆనని గీతలు మిగులుతాయి. అద్దం కింద ఒక్క వెంట్రుక పడినా, దాని నీడకు గీత తెగిపోతుంది.

నా బల్ల దగ్గర గీతలు తెగుతూనే ఉన్నాయి. సూపర్‌వైజరు రోజూ వచ్చి ఫిలిం మీదికి వంగి చూసేవాడు. ఒకరోజు అందరి ముందూ అరిచాడు.

"ఆ టోపీలో అంత జుట్టు యాడ ఆగతాది అమ్మాయ్? నెలాఖరు దాకా సూస్తా. అప్పటికీ ఇట్నే ఉంటే ఇంటికి పో."

నాకు ఒళ్ళు మండిపోయింది. జుట్టు ఎంత బిగించి కట్టుకునేదాన్నో నాకు తెలుసు. ఇంటికి పోతే నగరిలో మా మరమగ్గాలు ఆగిపోయి ఉన్నాయి. నేను పోదలచుకోలేదు.

సెలవురోజు కొండెక్కి గుండు చేయించుకున్నాను. మొక్కేమీ లేదు. "ఇది నా కోసం, కోపగించుకోవద్దు" అని స్వామికి ఉన్నమాటే చెప్పాను. దిగే బస్సులో సగంమందివి గుండ్లే, నన్నెవరూ వింతగా చూడలేదు. ఇంట్లో అమ్మ మాత్రం లబోదిబోమంది.

"మొక్కు లేకుండా ఆడబిడ్డ గుండు కొట్టించుకుంటాదా ఏందే?"

నాయన నా తల తడిమి, "సల్లగా ఉండాదిలే" అన్నాడు.

ఆ వారం కూడా గీతలు తెగాయి. నాకు ఎక్కడలేని సంతోషం వేసింది. అద్దానికి అంటుకున్న వెంట్రుకను అలాగే తీసుకెళ్ళి సూపర్‌వైజరు ముందు పెట్టాను.

"ఇది ఎవరి జుట్టు సార్?"

ఆయన మైక్రోస్కోపులో చూశాడు. పొట్టిగా, బిరుసుగా, సగం నెరిసి ఉంది. మా లైనులో అందరమూ వయసు పిల్లలమే. ఆయన చెయ్యి మెల్లగా మీసం మీదికి వెళ్ళింది. మమ్మల్ని తిట్టడానికి కిందికి లాక్కున్న మాస్కు ఇంకా గడ్డం దగ్గరే వేలాడుతోంది.

"రేపు తీసేసి వస్తాలే," అన్నాడు.

"మీసం మీ ఇష్టం సార్. నన్ను అందరి ముందరా అన్నారు. తప్పు నాది కాదని అందరి ముందరే చెప్పండి."

ఆయన లైను మధ్యకు వచ్చి చెప్పాడు. యంత్రాల హోరులో ఎవరికీ వినపడలేదు.

"ఇంకొంచెం గట్టిగా సార్," అన్నాను.