గాడిద లద్దె వేసిన చెల్క

మొన్న తెల్లాపూర్‌లో మనవరాలి ఇంటికి వెళితే, బాల్కనీ కుండీలో కొత్తిమీర విత్తనాలు వేసిన చోట గుబురుగా గడ్డి మొలిచి ఉంది. అంగడిలో కొన్న ఎరువు మూట తెచ్చి చూపించి, మోసపోయానేమోనని ఆ పిల్ల దిగులుపడింది. నేను మూటను అటూ ఇటూ తిప్పి చదివాను. బరువు రాసి ఉంది, ధర రాసి ఉంది. అది ఏ పశువు పెంటో, ఆ పశువు ఏం మేసిందో మాత్రం ఎక్కడా రాయలేదు. కుండీలో ఆ గడ్డిని చూస్తూ కూర్చుంటే మా ఎర్ర చెల్క పొలం గుర్తుకొచ్చింది.

నా పుట్టిల్లు జహీరాబాద్ అవతల, బీదరు దారిలో. మా వైపు గాడిద లద్దె అంటే రైతులు ఒకరికన్నా ముందు ఒకరు వెళ్లి చెప్పి పెట్టుకునే సరుకు. ఉల్లిగడ్డకు గాడిదది, అల్లానికి కంచర గాడిదది అని మా బాపు గట్టిగా నమ్మేవాడు, రెండూ కలిపితే ఒప్పుకునేవాడు కాదు. పెళ్లై కొండాపూర్, పట్నంలోది కాదు, మా జిల్లాలోదే, దాని దగ్గరి ఊరికి వచ్చాక చూస్తే, ఇరవై కోసులైనా లేని దూరంలో లోకమే వేరు. ఇక్కడ లద్దెను ఇటుకల మట్టిలో కలిపి తొక్కేవారు గానీ, తిండి పండే నేలలో వేస్తారని చెబితేనే ముఖం చిట్లించేవారు.

మాకు ఇటుకల బట్టీ పక్కన ఎర్ర చెల్క ఉండేది, ఎకరా పది గుంటలు. ఎకరమే అని ఎవరైనా అంటే నేను ఇప్పటికీ దిద్దుతాను. అందులో ఏం వేసినా పంట అంతంతమాత్రంగానే వచ్చేది. అటూ ఇటూ ఉన్నవాళ్లు అప్పటికే తమ మట్టిని నిలువెత్తు లోతున బట్టీకి ఇచ్చేశారు. మా మామ కూడా ఇవ్వడానికి బట్టీ యజమానితో మాట అనుకున్నాడు. ఇది నా పెళ్లైన మూడో ఏడు. రెండో ఏడని మా ఆడబిడ్డ అంటుంది గానీ అది తప్పు, అప్పటికి మా పెద్దమ్మాయి నడుస్తోంది. మట్టి పోయాక నేల ఉండి ఏం లాభమని నాకు నిద్ర పట్టలేదు. ఒక్క పంట ఆగమని మామను బతిమాలితే, సరేనన్నాడు.

బట్టీలో ఇటుకలు మోసే గాడిదల దొడ్డి నుంచి గంపలతో లద్దె మోసుకొచ్చి, చెల్కంతా చల్లి, ఉల్లినారు పెట్టాను. మా అత్త ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వాకిట్లోనే తిట్లు అందుకునేది.

“ఏందే పిల్లా, కొట్టంల ఇన్ని బర్లుంటే గాడిదల ఎంబడి పడ్డవ్? రేపు నా కొడుకు ఓండ్ర పెడితె నన్నడగకు.”

నారు బతికింది. దానికన్నా ముందు గడ్డి లేచింది. ఉల్లిమడి ఎక్కడో, గట్టు ఎక్కడో తెలియనంత గడ్డి. అప్పుడు గట్టు మీద కూర్చుని ఆలోచిస్తే తెలిసింది: మా పుట్టింటి వైపు గాడిదలను కట్టేసి జొన్నసొప్ప వేసేవారు, ఈ బట్టీ గాడిదలు పని కాగానే బీళ్లలో గింజ పట్టిన గడ్డి మేసి వచ్చేవి. గాడిద కడుపులో గింజ చావదు. అక్కడి పద్ధతి అక్కడి మేతకు సరిపోయింది, ఇక్కడివాళ్ల అసహ్యంలోనూ ఎప్పటిదో ఒక దెబ్బ దాగి ఉందేమో.

ఒంటరిగా కలుపు తీస్తుంటే ఒకనాడు మా అత్త కుర్పీ పట్టుకుని వచ్చింది.

“ఉల్లిగడ్డ ఏడున్నదో జెర సూపియ్యి, తక్కింది నేను పీకుత.”

ఆ తర్వాత రోజూ వచ్చింది. తిట్టడం మానలేదు, పీకడమూ మానలేదు. పంట గొప్పగా ఏమీ రాలేదు, గడ్డలు నిమ్మకాయలంత. మాట ప్రకారం బట్టీ యజమాని వచ్చి వాకిట్లో కూర్చున్నాడు. మామ నోరు తెరిచేలోపే మా అత్త లోపలి నుంచి వచ్చింది.

“నడుము ఇరిగేటట్టు గడ్డి పీకిన భూమి అన్నా అది. ఇగ దాని మన్ను నీకిస్తనా?”

ఆయన చాయ్ తాగి వెళ్లిపోయాడు. మామ కోపం తెచ్చుకోలేదు. ఎండాకాలంలో ఆయనే గుంత తవ్వించాడు. లద్దెను అందులో వేసి, నీళ్లు చల్లి, తిరగేస్తూ, నల్లగా మాగి వాసన పోయాకే చెల్కకు తోలాము. ఆ ఏడు వచ్చిన ఉల్లిగడ్డను మా అత్త చుట్టాలందరికీ పంచింది, ఏ ఎరువు వేశామో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు ఆ బట్టీ లేదు, గాడిదలు లేవు. చుట్టుపక్కల నేలలు ఇటుకలై పటాన్‌చెరు దాకా గోడలుగా నిలబడ్డాయి. మట్టి తవ్వుకుపోయిన గుంతల్లో వాన నీళ్లు, తుమ్మచెట్లు. మా చెల్క చూడవచ్చిన వాళ్లు, మీ పొలం దిబ్బ మీద ఉందేమిటని అడుగుతారు. అది దిబ్బ కాదు, నేల ఒకప్పుడు అంతటా ఆ ఎత్తులోనే ఉండేదని చెబుతాను. వాళ్లు తలూపుతారు గానీ, నమ్మినట్టు కనిపించరు.