ఒకరు మేలుకుని ఉండాలి

మా పర్చూరు పిచ్చయ్య జీవితమంతా పొగాకు ఆరబెట్టే బ్యారన్ కొట్ల దగ్గర మంట చూశాడు. ఆ పనిలో ఇద్దరుంటారు. ఒకడు పొయ్యిలోకి కట్టెలు తోస్తుంటే రెండోవాడు పక్కనే గోనెపట్టా మీద పడుకుంటాడు. మంట మీద ఇంకొకడి కన్ను ఉందన్న ధైర్యంతోనే ఆ నిద్ర పట్టేది.

గొంతులో క్యాన్సరు వచ్చి, గుంటూరు ఆసుపత్రిలో తగ్గి, ఇంటికొచ్చాక ఆ నిద్ర కరువైంది. "తగ్గింది గదా, ఇంకేంది నీ బాధ?" అని ఊరంతా అడిగేది. క్యాన్సరు తగ్గినవాడు మళ్లీ బాధపడటం మా ఊళ్లో మర్యాద కాదు. నిద్రమాత్రలు మింగినా లాభం లేకపోయింది.

చర్చిలో గంట కొట్టే మార్కు ఆసుపత్రిలో అతని పక్క మంచం. కడుపులో కణితి తీయించుకొచ్చిన అతనిదీ ఇదే అవస్థ.

"కళ్లు మూస్తే అది మళ్లీ మొదలవుద్దేమోనని భయమన్నా."

"నువ్ పడుకోరా, నేను చూస్తంటా. బ్యారన్ అనుకో."

"ఏం చూస్తావు?"

"ఊపిరి. తేడా వస్తే ఒక్కటి తంతా."

మధ్యాహ్నం పూట చర్చి అరుగు మీద వంతులేసుకున్నారు. ఇద్దరికీ నిద్ర పట్టింది.

ఓ రోజు పిచ్చయ్య భార్య హనుమాయమ్మ అన్నం క్యారేజీ తెచ్చింది. మార్కు నోరు తెరుచుకుని పడున్నాడు. పక్కనే మొగుడు మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. క్యారేజీ వదిలేసి గుండెలు బాదుకుంది. మార్కు లేచి కూర్చున్నాడు.

"ఎవరు పోయారొదినా?"

"నా గోంగూరపప్పు," అన్నాడు పిచ్చయ్య.

ఏడాది తిరగకుండానే మార్కుకు జబ్బు తిరగబెట్టింది. పిచ్చయ్య అతనింట్లోనే కాపలా కూర్చున్నాడు. "ఇప్పుడు నీ వంతన్నా" అంటూనే మార్కు కళ్లు వాలిపోయేవి. ఓ మధ్యాహ్నం ఊపిరి ఆగింది. పిచ్చయ్య కుదిపాడు. భుజం మీద కొట్టాడు కూడా. అప్పుడే క్యారేజీతో గుమ్మంలోకొచ్చిన హనుమాయమ్మ, కిందటిసారి సిగ్గు గుర్తొచ్చి, గొంతు తగ్గించి అడిగింది.

"పడుకున్నాడా?"

ఆ తర్వాత పిచ్చయ్యకు కన్ను మూతపడలేదు. "నేను లేనా, నేను చూస్తా" అంది హనుమాయమ్మ. పొద్దంతా మిరపకాయలు కోసి, మండే చేతులు మజ్జిగలో ముంచుకుని, దీపాలవేళకు మంచం పట్టె మీద కూర్చుంది. పిచ్చయ్య కళ్లు మూశాడు.

"చూస్తన్నావా?"

"చూస్తన్నా, పడుకో."

కాసేపాగి మళ్లీ అడిగాడు. కళ్లు తెరిస్తే, ఆమె కూర్చున్నచోటే తల వాల్చి గుర్రు పెడుతోంది. మంచం దిగి, ఆమెను తన చోట పడుకోబెట్టి, పక్కన కూర్చున్నాడు. ఊపిరి చూడటం అలవాటైన పని.

తెల్లారాక ఆమె నాలిక కరుచుకుంది. "మంచం నేనెక్కానా! నీకు పట్టిందా?"

"బాగా పట్టింది. పొద్దున్నే లేచి నిన్ను పడుకోబెట్టా."

అప్పట్నించీ ఆమె రోజూ కాపలా కూర్చుంటోంది. నేనుంటే చాలు, ఆయనకి నిద్రొస్తదని చేలో అందరికీ చెబుతుంది.