ఒక చేత్తో పట్టుకోగల పుస్తకాలు

బస్‌స్టేషన్‌లో టికెట్ల కిటికీ వెనక ఇరవై రెండేళ్ళు కూర్చున్న మనిషి కాబట్టి ఆమెను అందరూ కౌంటరమ్మ అనేవారు. డయాలసిస్ సెంటర్‌కి వచ్చాక కూడా ఆ పేరు ఆమెను వదల్లేదు. మొదటి రోజు సిస్టర్ "ఏం పని చేస్తారమ్మా?" అని అడగడం, ఆమె చెప్పడం, పక్క కుర్చీలో ఉన్న ప్లీడరు గారు చెవి ఇటు పడేయడం, ఇక పేరు ఖాయమైపోయింది.

నలభై ఏడేళ్ళకే రెండు కిడ్నీలూ చేతులెత్తేశాయి. వారానికి మూడు రోజులు, రోజుకి నాలుగు గంటలు, యంత్రం పక్కన వాలు కుర్చీలో పడి ఉండాలి. ఎడమ చేతికి రెండు సూదులు. ఆ చెయ్యి కదిలితే యంత్రం కీచుమంటుంది, సిస్టర్ పరుగెత్తుకొస్తుంది. మిగిలింది కుడి చెయ్యి ఒక్కటే. ఆ ఒక్క చేత్తో పట్టుకోవడానికి పెద్ద నవలలు బరువు. వార్తాపత్రిక అయితే మడత పడదు. సెంటర్ వరండాలో ఓ ఇనుప అర ఉండేది. ఏదో లైబ్రరీ వాళ్ళు వద్దనుకుని ఇచ్చేసిన పుస్తకాలు అందులో పడి ఉండేవి. అన్నీ టీనేజ్ పిల్లల నవలలే. పలచగా, తేలిగ్గా, పెద్ద అక్షరాలతో. కూర్చున్నప్పుడు మొదలుపెడితే సూదులు తీసే వేళకి అయిపోయేవి.

అలా చేతిలో పట్టినందుకు మొదలైన చదువు, మనసుకీ పట్టింది.

"ఈ వయసులో ఈ చిన్నపిల్లల పుస్తకాలేంటమ్మా?" అన్నాడు ప్లీడరు గారు ఓరోజు. డెబ్బై దాటిన మనిషి. కోర్టు మానేసి పదేళ్ళయినా నోరు మాత్రం వాయిదా అడగలేదు. "పదహారేళ్ళ పిల్ల అలిగింది, తలుపేసుకుంది, స్నేహితురాలు వచ్చి తలుపు కొట్టింది. ఇదేనా కథ?"

"మీరు చదివారా?"

"చదవక్కర్లేదు. అట్ట చూస్తే తెలుస్తుంది."

"పెద్దవాళ్ళ నవలలూ చదివానండీ. అందులో అందరూ నాలాంటి వాళ్ళే. కిటికీ దగ్గర కూర్చుని అయిపోయినవి తలుచుకుంటారు. నన్ను నేను చదువుకోడానికి పుస్తకం ఎందుకు? ఈ పిల్లలకి ఇంకా ఏదీ అయిపోలేదు. ఒక్క మాట గట్టిగా అంటే చాలు, ఇల్లంతా మారిపోతుంది."

"మరి మీ పదహారో ఏట ఏం మారింది?"

ఆమె పేజీ తిప్పింది. ఆ ఏడే వాళ్ళమ్మ పోయింది. తమ్ముడికి తొమ్మిదేళ్ళు. వాడికి జడుపు జ్వరం వస్తే పక్కన కూర్చుని పరీక్ష ఎగ్గొట్టింది, తర్వాత చదువే ఎగ్గొట్టింది. గట్టిగా ఏ మాటా అనలేదు. అనాలని తోచలేదు కూడా.

వెక్కిరిస్తూనే ప్లీడరు గారు కథలో పడ్డాడు. "ఇంతకీ ఆ పారిపోయిన పిల్ల దొరికిందా?" అని సిస్టర్ వినకుండా అడిగేవాడు. ఆమె చెబుతుంటే మధ్యలో అడ్డుతగిలి, ఆ పిల్ల తండ్రి మీద ఏ కేసు వెయ్యొచ్చో వివరించేవాడు. ఒకసారి నవ్వాపుకోలేక చేతులు కదిలి, ఇద్దరి యంత్రాలూ ఒకేసారి కూశాయి. సిస్టర్ ఇద్దర్నీ బళ్ళో పిల్లల్ని తిట్టినట్టు తిట్టింది.

ఆ రోజుల్లో ఆమెకి ఆశ ఉండేది. తమ్ముడు కిడ్నీ ఇస్తానన్నాడు. రక్తం కలిసింది, పరీక్షలన్నీ కుదిరాయి. ఆపరేషన్‌కి మూడు వారాలుందనగా ఆమెను దింపడానికి వచ్చి, వరండాలో ఆగిపోయాడు. చేతిలో హెల్మెట్ అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"అక్కా, నాకు భయంగా ఉంది."

"దేనికిరా?"

"కత్తికి. తర్వాత నాకేమన్నా అయితే పిల్లలు..." అని ఆగి, "నన్ను తిట్టు అక్కా. తిడితే బాగుంటుంది" అన్నాడు.

"తిట్టడానికేముందిరా. భయం ఎవరికి ఉండదు? వెళ్ళు, ఆఫీసుకి టైమవుతుంది."

వాడు మెట్లు దిగాక లోపలికొచ్చి బరువు చూపించుకుంది, కుర్చీలో వాలింది, సూదులు వేయించుకుంది. చేతిలోని నవల అంతకుముందే సగం చదివి ఉంది. కొట్టుకుని విడిపోయిన అన్నాచెల్లెళ్ళు చివర్లో వానలో ఎదురెదురుగా పరుగెత్తుకొచ్చారు. ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. తమ్ముడి మీద రాని కోపం పుస్తకం మీద వచ్చింది. "అబద్ధాలకోరు వెధవ" అంది పైకే.

"ఎవరమ్మా?" అన్నాడు ప్లీడరు గారు.

"రాసినవాడు."

 

చలికాలం చివర్లో ఒక బుధవారం ఆయన రాలేదు. శుక్రవారం కూడా రాలేదు. సోమవారం సిస్టర్ ఆ కుర్చీకి కొత్త దుప్పటి వేస్తూ, "పోయారమ్మా. నిద్రలోనే" అని చెప్పింది. ఆ దుప్పటి మీద ఆ రోజే ఓ కాలేజీ పిల్లను పడుకోబెట్టారు. పదిహేడేళ్ళు. మొహం ఉబ్బి కళ్ళు చిన్నవైపోయాయి. వాళ్ళమ్మ వరండాలో కూర్చుని తలుపు అద్దంలోంచి కళ్ళార్పకుండా చూస్తోంది.

ఈ పుస్తకాలు రాసింది అచ్చంగా ఈ వయసు వాళ్ళకే కదా అనుకుంది కౌంటరమ్మ. ఏరి ఏరి మూడు ఇచ్చింది. జబ్బులున్నవి పక్కన పెట్టింది.

"మనలాంటి వాళ్ళ కథ లేదా ఆంటీ?" అని ఆ పిల్లే అడిగింది.

ఒకటుంది. జబ్బు పడ్డ అమ్మాయి, సముద్రం ఒడ్డు, ప్రేమించే అబ్బాయి. ఇవ్వనా మాననా అని రెండు రోజులు తటపటాయించి ఇచ్చింది. ఆ పిల్ల ఏకబిగిన చదివేసి, పుస్తకం పొట్ట మీద బోర్లించుకుని నవ్వింది. బాగుండి నవ్విన నవ్వు కాదు.

"ఈ పిల్లకి కాళ్ళు ఒక్కసారన్నా వాయలేదు ఆంటీ. దాహం వెయ్యదు. వాంతి చేసుకోదు. చచ్చిపోయే రోజు కూడా జుట్టు ఎగురుతూనే ఉంది."

"మిగతావి?"

"బాగానే ఉన్నాయి. కానీ ఇవి మాకోసం రాసినట్టు లేవు. చిన్నప్పుడు ఇలా ఉంటే ఎంత బాగుండేదో అని పెద్దవాళ్ళు పెద్దవాళ్ళ కోసం రాసుకున్నారు. మీకు నచ్చింది అందుకే." వెంటనే నాలుక్కరుచుకుంది. "సారీ ఆంటీ."

"సారీ ఎందుకు? నిజమే అన్నావు" అంది కౌంటరమ్మ.

నిజమే కాబట్టే గుచ్చుకుంది. ఇన్నాళ్ళూ ఆమె పుస్తకాల్లోని పిల్లల వెంట పరుగెత్తింది రేపటిలోకి అనుకుంది. తీరా చూస్తే వెనక్కి. తను ఎగ్గొట్టిన ఏళ్ళలోకి దొడ్డిదారిన దూరి తిరిగొస్తోందన్నమాట. ఆ ఏళ్ళు నిజంగా చేతిలో ఉన్న మనిషి పక్క కుర్చీలో పడుకుని, వాటిని ఏం చేసుకోవాలో తెలీక పైకప్పు చూస్తోంది.

కిడ్నీ ఇస్తానని ఆ పిల్ల వాళ్ళమ్మ చేయించుకున్న పరీక్షల ఫలితాలు నెల తిరక్కుండా వచ్చాయి. ఆమెకి షుగర్ ఉందని, కిడ్నీ తీయడం కుదరదని చెప్పారు. ఇంట్లో ఇచ్చేవాళ్ళు వేరే ఎవరూ లేరు. ఆ పిల్ల ఏడవలేదు.

"అమ్మది కుదరదట ఆంటీ" అంది, బస్సు వెళ్ళిపోయిందన్నంత మామూలుగా.

కౌంటరమ్మ నోటిదాకా మాటలొచ్చాయి. ధైర్యంగా ఉండు, ఏదో ఒక దారి ఉంటుంది, నువ్వు ఒంటరివి కాదు. అన్నీ ఆ పుస్తకాల్లోని మాటలే. ఒక్కటీ తన సొంతం కాదు. వాటిలో ఒక్కటి అన్నా ఈ పిల్ల ఇట్టే కనిపెడుతుంది. మింగేసింది.

"ఏదైనా చెప్పండి ఆంటీ."

"ఏం చెప్పను?"

"ఏదో ఒకటి. మీ కౌంటర్ గురించి చెప్పండి."

చెప్పింది. కిటికీ కన్నంలోంచి మొహాలు కనిపించవని, చేతులే కనిపిస్తాయని. ఒకావిడ వచ్చి ఊరి పేరు చెప్పకుండా "అక్కడికే" అని టికెట్ అడిగేదని, "ఎక్కడికమ్మా?" అంటే "పోయిన వారం ఇచ్చావుగా" అని కోప్పడేదని. ఆ పిల్ల పెదవులు కొంచెం కదిలాయి. తర్వాత తల పక్కకి వాలింది. నిద్ర అనుకుంది కౌంటరమ్మ. యంత్రం కూసింది. బీపీ పడిపోయింది. సిస్టర్ వచ్చి కుర్చీ వెనక్కి వాల్చి, కాళ్ళు పైకెత్తి, సెలైన్ వదిలింది. వరండాలో తల్లి లేచి నిలబడి అద్దానికి రెండు అరచేతులూ ఆనించింది. పది నిమిషాలకి పిల్ల కళ్ళు తెరిచింది. ఆగిన కథ సంగతి మళ్ళీ ఇద్దరూ ఎత్తలేదు.

వేసవిలో వాళ్ళు ఇంటికి దగ్గరగా ఉన్న వేరే సెంటర్‌కి మారిపోయారు. ఆ పిల్ల ఎలా ఉందో కబురు లేదు. తమ్ముడు మొదట్లో ప్రతిసారీ దింపేవాడు. తర్వాత వారానికోసారి. ఇప్పుడు ఫోన్ చేసి "వెళ్ళావా అక్కా?" అని అడుగుతున్నాడు. వెళ్ళానంటుంది. ఉద్యోగం మానేసింది. పక్క కుర్చీలో మాటా పలుకూ లేని ముసలాయన ఉన్నాడు.

మొన్న సిస్టర్ సూది గుచ్చుతూ అడిగింది, "ఏంటమ్మా, పుస్తకం తెచ్చుకోలేదా?"

"అన్నీ చదివేశానమ్మా" అంది.

అరలో ఆమె చదవనివి ఇంకా ముప్పై దాకా ఉన్నాయి. సిస్టర్‌కీ ఆ సంగతి తెలుసు. చేతికి ప్లాస్టర్ అంటించి, యంత్రం మీట నొక్కి, రెండో కుర్చీ వైపు వెళ్ళింది.