ఓడెక్కిన తలుపులు

మా మామయ్య వడ్రంగి. వంకర అన్నది ఆయనకు గిట్టదు. పెళ్లి ఫోటోలో కూడా చూపు అత్తయ్య మీద లేదు, పక్కన ఒరిగిన బల్ల మీద ఉంది.

ఎవరైనా ఏ దేశానికైనా సరుకు పంపుకోవచ్చని రేవు తెరవగానే ఆయన దశ తిరిగింది. లారీల కొద్దీ దుంగలు దిగేవి, కుర్చీలై ఓడలెక్కేవి. అంతలో ఆ కొనేవాళ్లకు అడవుల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. కొత్తగా చెట్టు నరికి చేసిన సామాను మాకొద్దు, పాత ఇళ్ల చెక్కతో చేసిందే పంపండి అన్నారు. కొట్టు నిండా పచ్చి చెక్క కుర్చీలే. అవి పోకపోతే కొట్టుకు తాళమే.

మామయ్య వాటికి ముసలితనం తెప్పించాడు. టీ డికాక్షన్ పూశాడు, గొలుసుతో బాదాడు, పాత మేకుల గుర్తులంటూ చిల్లులు పొడిచాడు. ఆ కొనేవాళ్ల తరఫున తనిఖీకి వచ్చినావిడ ఒక కుర్చీ తిరగేసి పగలబడి నవ్వింది.

"చిల్లులన్నీ బారులు తీరాయేంటండీ! స్కేలు పెట్టి కొట్టారా?"

"అడ్డదిడ్డంగా కొడితే బాగోదు కదమ్మా," అన్నాడు మామయ్య, నిజంగానే నొచ్చుకుంటూ.

జాలేసిందో ఏమో, పాత చెక్కతో మళ్లీ చేసి చూపించమని ఆవిడ కొంత గడువిచ్చింది. ఆ చిల్లుల కుర్చీలు ఊళ్లోనే అయినకాడికి అమ్ముడుపోయాయి. ఇక్కడ ఏ చెట్టని ఎవరడిగారు?

పాత చెక్క కోసం వీధులన్నీ గాలించాడు. మిగతా వడ్రంగులు అప్పటికే ఇంటింటి తలుపులూ కొనేశారు. దిగాలుగా ఇంటికొచ్చి, తలుపు మీద చెయ్యేసి అలాగే ఆగిపోయాడు. అది తాతల నాటి తలుపు.

"దాని వంక అలా చూడకండి, నాకు భయమేస్తోంది," అంది అత్తయ్య.

చూడటమేంటి, అన్నీ ఊడబీకాడు. స్నానాల గది తలుపుతో సహా. లోపల మనిషున్నట్టు తెలియాలని ఇంటిల్లిపాదీ పాటలు పాడుతూ స్నానాలు చేశాం. నాకు ఒళ్లు మండిపోయేది.

మొత్తానికి కొట్టు గట్టెక్కింది. తనిఖీ ఆవిడ కొత్త కుర్చీలన్నిటికీ పచ్చ ముద్ర వేసి, "వీటి కోసం ఒక్క చెట్టు కూడా కొట్టలేదు," అని మామయ్యను తెగ మెచ్చుకుంది.

మర్నాడే కొట్టు ముందు లారీ ఆగింది. అన్నీ పచ్చి దుంగలు, ఇంకా జిగురు కారుతున్నాయి. తలుపులు అమ్ముకున్న వీధి వీధంతా కొత్తవి చేయించుకోవాలి కదా, మాతో కలిపి.

అత్తయ్య నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. "వాళ్ల కుర్చీలకైతే చెట్టు కొట్టకూడదు. మన తలుపులకైతే కొట్టొచ్చా?"

"మన తలుపులు ఓడెక్కవు కదే," అంటూ మామయ్య రంపం అందుకున్నాడు.