ఇరవై సంతకాలు

డయానాకి కోపం ముక్కు మీదే ఉంటుందని పామర్రులో వాళ్లమ్మ శౌరమ్మ అందరికీ చెబుతుంటుంది. పద్నాలుగు నెలలుగా కూతురు ఆ కోపాన్ని మాస్కు కింద దాచుకుని తిరుగుతోందని మాత్రం ఆమెకు తెలియదు.

బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఆసుపత్రిలో డయాలసిస్ టెక్నీషియన్ డిగ్రీ చేస్తోంది డయానా. వారంలో నాలుగు రోజులు వార్డులో పని, రెండు రోజులు కాలేజీలో పాఠాలు. పని చేస్తూ నేర్చుకోవచ్చని చేరింది. తీరా చేసిందల్లా వెనకగదిలో రక్తం వడకట్టే ఫిల్టర్లు కడగడం. సూది గుచ్చడం నేర్పమంటే ఇన్‌ఛార్జి రామకోటేశ్వరరావు రేపు చూద్దాంలెమ్మనేవాడు. దొంగతనమంటే సొమ్మే ఎత్తుకుపోనక్కర్లేదు, ఒక పిల్ల చదువు ఎత్తుకుపోయినా దొంగతనమే. ఆ మాట ఆయనతో అనేవాళ్లు ఆసుపత్రిలో లేరు.

ప్రాక్టికల్ పరీక్ష పది రోజులుందనగా నేర్చుకున్న పనులు రాసే ఆమె లాగ్‌బుక్ చేతికొచ్చింది. ఇరవైసార్లు సూది గుచ్చినట్టు ఇరవై చోట్లా రామకోటేశ్వరరావు సంతకాలు. అవి లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. కిందటేడు పిల్లలకీ ఇలాగే పెట్టాననీ, వాళ్లంతా ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నారనీ ఆయన నవ్వాడు.

డయానాకి ఒళ్లు మండిపోయింది. వాళ్లిప్పుడు ఎవరి చేతులు పొడుస్తూ నేర్చుకుంటున్నారు? వార్డు మధ్యలో నిలబడి పెన్ను తీసి, ఇరవై సంతకాలూ అడ్డంగా కొట్టేసింది.

"పరీక్ష పోతే పోనివ్వండి. రాని పని వచ్చని రాయించుకోను," అంది.

రామకోటేశ్వరరావు మొహం మాడిపోయింది. అయితే ఏ పేషెంటు నీకు చెయ్యి ఇస్తాడో చూస్తానన్నాడు. అదీ నిజమే. సూదులు గుచ్చడానికని ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన ఆ ఫిస్టులా చేతిని వాళ్లు కంటికి రెప్పలా కాచుకుంటారు. దాంతో సంచి మొయ్యరు, దానికి గాజు తొడగరు, కొత్తవాళ్లను ముట్టుకోనివ్వరు.

మూడో మంచం మీద మాణిక్యమ్మ ఉంది. కొండపల్లిలో బొమ్మలకు రంగులేస్తుంది. రామకోటేశ్వరరావు తప్ప ఇంకొకరు గుచ్చితే ఊరుకోని మనిషి. ఆమె జాకెట్టు చెయ్యి పైకి లాక్కుంది.

"బొమ్మకి కన్ను దిద్దటం రావటానికి నాకు రెండేళ్లు పట్టింది. ఎన్ని పాడు చేశానో. ఇట్రా అమ్మాయ్. ఆయన్ని పక్కన నిలబడమను."

వార్డంతా చూస్తుంటే ఆయనకు నిలబడక తప్పలేదు. చూపుడువేలు ఎక్కడ ఆనించాలో, సూది ఎంత వాలుగా పట్టాలో పళ్లు బిగబట్టి చెప్పాడు. డయానా వేలి కింద రక్తం గరగరలాడింది. రక్తం బయటికి తీసే మొదటి సూది సరిగ్గా దిగింది. తిరిగి ఎక్కించే రెండోది తప్పింది. మాణిక్యమ్మ పెదవి కొరుక్కుంది గాని చెయ్యి లాక్కోలేదు. తప్పినదాన్ని తీసి, రెండో సూది ఆయనే గుచ్చాడు.

కొట్టేసిన ఇరవై వరసల కింద డయానా "ఒకటి కుదిరింది, ఒకటి తప్పింది" అని రాసి సంతకానికి చాపింది. పది రోజుల్లో మిగతావి అవుతాయో లేదో ఆమెకు తెలియదు. తప్పిందన్న మాట తీసెయ్యమన్నాడు రామకోటేశ్వరరావు.

"అదీ మీ ముందు జరిగిందేగదండీ," అంది డయానా. "పెట్టండి సంతకం."